ఐరిష్ క్రైస్తవ గీతాలు పాడుకుందాం – 3వ పాఠం: పాట కింద ఉండే అంకెల లెక్క

పోయిన పాఠంలో ట్యూనుకి ఒక పేరు, పాటకి ఒక పేరు ఎందుకుంటాయో చూశాం. ఈసారి పాట పేరు దగ్గర చిన్న అచ్చులో ఉండే అంకెల సంగతి. 8.6.8.6 అనో, 8.7.8.7 అనో వేస్తారు. చిన్నప్పుడు నేను అదేదో బైబిలు వచనం నంబరనుకునేవాణ్ణి. నిజానికి అది పాదానికి ఎన్ని అక్షరాలో చెప్పే లెక్క. ఈ లెక్క వస్తే ఏ పాటకి ఏ ట్యూను అతుకుతుందో మీరే చెప్పగలరు.

ఒక పాట తీసుకుని లెక్కపెడదాం. సెసిల్ ఫ్రాన్సిస్ అలెగ్జాండర్ రాసిన పచ్చని కొండ పాట ఇలా మొదలవుతుంది:

దేర్ / ఈజ్ / ఎ / గ్రీన్ / హిల్ / ఫార్ / అ / వే
విత్ / ఔట్ / ఎ / సి / టీ / వాల్
వేర్ / ద / డియర్ / లార్డ్ / వాజ్ / క్రూ / సి / ఫైడ్
హూ / డైడ్ / టు / సేవ్ / అజ్ / ఆల్

వేళ్లు మడుస్తూ చూడండి. 8, 6, 8, 6. దీన్ని కామన్ మీటర్ అంటారు, పుస్తకాల్లో సి.ఎం. అని పొట్టిగా వేస్తారు.

మూడో పాదంలో మీకు తొమ్మిది వచ్చాయా? అయితే మీరు 'డియర్'ని మన పద్ధతిలో 'డి-యర్' అని రెండుగా పలికారన్నమాట. ఇంగ్లీషు పాటలో అది ఒక్క అక్షరమే. తెలుగు లిపిలో రాసుకుని లెక్కపెట్టే వాళ్లందరూ ఇక్కడే పడతారు. కళ్లతో కాదు, చెవితో లెక్కపెట్టాలి.

ఇంకో తేడా ఉంది. మనకి ఛందస్సు అంటే గురులఘువులు, అంటే పలకడానికి పట్టే కాలం. ఇంగ్లీషులో కాలం కాదు, ఊనిక ముఖ్యం. పై పాటలో మొదటి అక్షరం తేలిక, రెండోది బరువు, మళ్లీ తేలిక, మళ్లీ బరువు. 'దేర్ ఈజ్ ఎ గ్రీన్ హిల్ ఫార్ అవే.' మూడో పాదం మొదట్లో మాత్రం ఆవిడ కొంచెం తిరగేసింది. అక్కడ 'వేర్' మీదే బరువు పడుతుంది. అంత మాత్రం సడలింపు ఉంటుంది, కంగారు పడకండి.

ఈ అలెగ్జాండర్ 1818లో డబ్లిన్‌లో పుట్టింది. 1848లో, ఇంకా పెళ్లి కాకముందే, చిన్నపిల్లల కోసం ఒక పాటల పుస్తకం తెచ్చింది. దాని వరుస చూస్తే ఆవిడ మనసులో టీచరు ఉందని తెలుస్తుంది. క్రైస్తవులు తమ నమ్మకాన్ని చెప్పుకునే విశ్వాస ప్రమాణంలోని ఒక్కో మాటకి ఒక్కో పాట కట్టింది. దేవుడు భూమ్యాకాశాల్ని చేశాడన్న మాటకి 'ఆల్ థింగ్స్ బ్రైట్ అండ్ బ్యూటిఫుల్', కన్య మరియకి పుట్టాడన్న మాటకి 'వన్స్ ఇన్ రాయల్ డేవిడ్స్ సిటీ', సిలువ మాటకి ఈ కొండ పాట. పుస్తకం మీద వచ్చిన డబ్బు స్ట్రబేన్‌లో బధిర పిల్లల బడికి వెళ్లింది.

రెండో పాదంలో 'వితౌట్' అంటే 'లేకుండా' కాదు, 'అవతల' అని. పట్టణపు గోడకి అవతల ఉన్న కొండ అన్నమాట. గోడ లేని కొండేమిటని పిల్లలు తికమక పడతారని కొన్ని పుస్తకాల్లో 'ఔట్‌సైడ్' అని మార్చారు. గమనించారా, అదీ రెండక్షరాలే. లెక్క చెడలేదు కాబట్టే ఆ మార్పు కుదిరింది.

ఇప్పుడు అసలు పని. డబ్లిన్‌లోనే 1769లో పుట్టిన థామస్ కెల్లీ ఏడొందలకి పైగా పాటలు రాశాడు. వాటిలో బాగా నిలిచింది ముళ్ల కిరీటం పాట: 'ద హెడ్ దట్ వన్స్ వాజ్ క్రౌన్డ్ విత్ థార్న్స్, ఈజ్ క్రౌన్డ్ విత్ గ్లోరీ నౌ.' లెక్కపెట్టండి. ఎనిమిది, ఆరు. అంటే కొండ పాట ట్యూనులో కెల్లీ పాట పాడొచ్చు. రెండింటినీ 'అమేజింగ్ గ్రేస్' ట్యూనులో కూడా పాడొచ్చు. ఒకసారి గట్టిగా పాడి చూడండి, నవ్వొస్తుంది గానీ పక్కాగా కూర్చుంటుంది. అయితే కూర్చున్నంత మాత్రాన బాగుంటుందని కాదు. కెల్లీ పాట విజయగీతం, దాన్ని నెమ్మదైన ట్యూనులో పాడితే నీరసంగా ఉంటుంది.

ఇక జోసెఫ్ స్క్రివెన్. 1819లో కౌంటీ డౌన్‌లోని బాన్‌బ్రిడ్జ్ ప్రాంతంలో పుట్టాడు. పెళ్లికి ముందురోజు కాబోయే భార్య నీళ్లలో మునిగి చనిపోయిందని చెబుతారు. తర్వాత కెనడా వెళ్లిపోయాడు. ఐర్లండ్‌లో ఉన్న తల్లికి ధైర్యం చెప్పడానికి 1855లో రాసి పంపిందే 'వాట్ ఎ ఫ్రెండ్ వుయ్ హావ్ ఇన్ జీసస్.' అమెరికన్ లాయరు చార్లెస్ కాన్వర్స్ 1868లో దానికి ట్యూను కట్టాడు.

దీని లెక్క 8.7.8.7, అదే వరుస రెండుసార్లు. నాలుగో పాదం 'ఎవ్రీథింగ్ టు గాడ్ ఇన్ ప్రేయర్' చివరి 'ప్రేయర్' రెండక్షరాలు కాదు. రెండో పాదం చివరున్న 'బేర్'కి ప్రాసగా 'ప్రేర్' అని ఒక్కటే. అంతకన్నా ముఖ్యం, ఇక్కడ బరువు మొదటి అక్షరం మీదే పడుతుంది: 'వాట్ ఎ ఫ్రెండ్.' కొండ పాటలో ఎత్తుగడ తాళం దెబ్బకి ముందే వస్తుంది, ఇందులో దెబ్బ మీదే వస్తుంది. నేను కీబోర్డు నేర్చుకునే రోజుల్లో ఈ తేడా తెలియక, ఇలాగే దెబ్బ మీద మొదలయ్యే పాటకి ముందు ఒక స్వరం అదనంగా వాయించాను. పాడేవాళ్లు సగంమంది ముందు, సగంమంది వెనక. మొదటి చరణం అయ్యేదాకా ఎవరూ కలవలేదు. అందుకని అంకెలు సరిపోయినా బరువు ఎక్కడ మొదలవుతుందో కూడా చూడాలి.

ఈ వారం ఇంటిపని. 'ఆల్ థింగ్స్ బ్రైట్' పల్లవి నాలుగు పాదాలు లెక్కపెట్టి అంకెలు రాయండి, ఏ పాదంలో బరువు ముందుందో గీత గీయండి. తర్వాత డబ్లిన్‌లో పుట్టిన నేహమ్ టేట్ రాసిన గొర్రెల కాపరుల క్రిస్మస్ పాట, 'వైల్ షెపర్డ్స్ వాచ్డ్', కొండ పాట ట్యూనులో కుదురుతుందో లేదో పాడి చూడండి.

వచ్చే పాఠంలో, అలెగ్జాండర్ 1889లో ప్రాచీన ఐరిష్ ప్రార్థన నుంచి ఇంగ్లీషులో కట్టిన సెయింట్ పాట్రిక్ కవచం పాట. అందులో మధ్యలో కొలత మారిపోతుంది, దాంతో ట్యూను కూడా మార్చాల్సి వస్తుంది. అప్పటికి ఈ లెక్క మీ వేళ్లకి అలవాటై ఉండాలి.