పాస్ రషరా, కార్నర్‌బ్యాకా: డ్రాఫ్ట్ బోర్డు మీద తేల్చుకునే పద్ధతి

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఎన్ఎఫ్ఎల్‌లో, కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మీ జట్టు వంతు వచ్చేసరికి బోర్డు (మీ ర్యాంకుల పట్టిక) మీద ఒక పాస్ రషర్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడు), ఒక కార్నర్‌బ్యాక్ (పాస్ అందుకునే రిసీవర్‌ని కాచేవాడు) సమానంగా కనిపిస్తే రషర్‌నే తీసుకోండి. ఇద్దరూ నిజంగా సమానమేనా అన్నది తేల్చుకోవడంలోనే అసలు పనంతా ఉంది.

ముందు కారణం చూద్దాం. కార్నర్ ఎంత మేటి అయినా క్వార్టర్‌బ్యాక్ అతని వైపు చూడకుండా ఇంకో పక్కకి విసిరేయగలడు. నికెల్ అమరికలో వెనకాల పాస్‌లను కాచేవాళ్లు ఐదుగురు ఉంటే బంతి వెళ్లేది వాళ్లలో బలహీనుడి మీదికే. రషర్‌ని అలా పక్కన పెట్టడం కుదరదు. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే బ్లాకర్లను ఇద్దర్ని అతని మీదికి పంపితే పక్కవాడికి ఒక్కడితోనే తలపడే అవకాశం దొరుకుతుంది. నలుగురితోనే ఒత్తిడి తేగలిగితే మిగతా ఏడుగురూ కవరేజ్‌లో (రిసీవర్లను కాచే పనిలో) ఉంటారు కాబట్టి ఆ లాభం మీ కార్నర్లకూ అందుతుంది.

డబ్బు లెక్కా అటే మొగ్గుతుంది. మొదటి రౌండ్ ఆటగాడి కాంట్రాక్ట్ 4 ఏళ్లు, ఐదో ఏడాది జట్టు ఇష్టం. ఆ నాలుగేళ్ల జీతం ఎన్నో ఎంపిక అన్నదాన్ని బట్టే ఉంటుంది, పొజిషన్‌ని బట్టి కాదు. బయటి మార్కెట్ వేరు: 2025లో రషర్ మైకా పార్సన్స్‌కి ప్యాకర్స్ 4 ఏళ్లకు 18.8 కోట్ల డాలర్లు ఇస్తే, కార్నర్ డెరెక్ స్టింగ్లీకి టెక్సాన్స్ 3 ఏళ్లకు 9 కోట్లు ఇచ్చింది. అంటే ఏడాదికి 4.7 కోట్లు, 3 కోట్లు. డ్రాఫ్ట్‌లో దొరికిన మంచి రషర్ అంత మిగులుస్తాడన్నమాట.

ఇక రషర్‌ని తూచే పద్ధతి. సాక్‌ల (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) సంఖ్యతో మొదలుపెట్టకండి. స్క్రీన్లు (బ్లాకర్ల వెనక ఇచ్చే పొట్టి పాస్‌లు), ప్లే యాక్షన్ (బంతి పరుగుకి ఇచ్చినట్టు నటించి విసిరేవి), పట్టిన వెంటనే విసిరేసిన పాస్‌లు తీసేసి, మిగిలిన రష్‌లలో ఎన్నిసార్లు ఒత్తిడి తెచ్చాడో లెక్కపెట్టండి. 300 రష్‌లకు 45 అయితే 15 శాతం. తర్వాత ఆ 45 వీడియోలూ ఒక్కొక్కటే చూసి, ఎవరూ అడ్డుకోకుండా వదిలేసినవీ, క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని నిలబడిపోయినవీ కొట్టేయండి. చాలామంది పేరు కరిగిపోయేది ఇక్కడే. మొదటి ఎత్తు పారకపోతే రెండోది ఉందా అన్నది కూడా చూడాలి.

కొలతల్లో 40 గజాల పరుగులో మొదటి 10 గజాలు, త్రీ కోన్ (మూడు కోన్ల చుట్టూ మలుపులు తిరుగుతూ చేసే పరుగు పరీక్ష) ముఖ్యం. చేతి పొడవుకి మరీ లొంగిపోవద్దు. 2022లో మొదటి ఎంపిక ట్రావాన్ వాకర్ చేతులు 35.5 అంగుళాలు, రెండో ఎంపిక ఎయిడన్ హచిన్సన్‌వి 32 పైచిలుకు. 2023 సీజన్లో ఇద్దరికీ 10కి తగ్గకుండా సాక్‌లొచ్చాయి.

కార్నర్ విషయంలో ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు పాస్‌ని పట్టేయడం) అంతకంటే మోసం. మ్యాన్ (ఒక్కో రిసీవర్‌ని వెంటాడటం), జోన్ (మైదానంలో తన వంతు భాగాన్ని కాయడం) విడదీసి, కవరేజ్‌లో ఉన్న ప్రతి స్నాప్‌కి (ఒక్కో ఆటకి) ఎన్ని గజాలు ఇచ్చాడో చూడండి. సేఫ్టీ (వెనక చివరి కాపలా ఆటగాడు) సాయం లేకుండా మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) ప్రెస్ (రిసీవర్‌కి ఎదురుగా ఆనుకుని నిలబడి) ఆడిన స్నాప్‌లు ఓ పాతిక దొరికితే వాటికే ఎక్కువ బరువివ్వండి. చేతులు ఎక్కడ పడుతున్నాయో కూడా గమనించాలి. కాలేజీలో పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌కి (పాస్ అందుకోబోయే రిసీవర్‌ని అడ్డుకోవడం) పడే శిక్ష 15 గజాలు దాటదు. ఎన్ఎఫ్ఎల్‌లో తప్పు జరిగిన చోటే బంతి పెడతారు, అది 40 గజాల దూరమైనా సరే. 5 గజాలు దాటాక రిసీవర్‌ని తాకి అడ్డుకుంటే ఎదుటి జట్టుకి ఫస్ట్ డౌన్ (మళ్లీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు) కూడా ఇచ్చేస్తారు. కాలేజీలో జెర్సీ లాగి నెట్టుకొచ్చినవాడు ఇక్కడ తేలిపోయేది అందుకే.

కార్నర్‌ని ముందు తీసుకోవాల్సిన సందర్భాలూ లేకపోలేదు. మీకు ఇప్పటికే రషర్ ఉండటం మొదటిది. 2017లో మైల్స్ గ్యారెట్‌ని తీసుకున్న బ్రౌన్స్, 2018 నాలుగో ఎంపికలో రషర్ బ్రాడ్లీ చబ్‌ని వదిలి కార్నర్ డెంజెల్ వార్డ్‌ని తీసుకుంది. కార్నర్ ఒక మెట్టు పైన ఉండటం రెండోది. 2021లో బ్రాంకోస్ 9వ ఎంపికలో తీసుకున్న ప్యాట్రిక్ సర్టెయిన్, 2024 సీజన్‌కి లీగ్‌లోనే ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. (అదే డ్రాఫ్ట్‌లో 12వ ఎంపికగా వెళ్లిన పార్సన్స్ అప్పటికి రషర్ కాదు, లైన్‌బ్యాకర్ (ముందు వరుస వెనక నిలబడేవాడు). బోర్డు మీద రాసిన పొజిషన్ పేరుని ఎంత నమ్మాలో దీన్నిబట్టే తెలుసుకోవచ్చు.) మూడోది, మీ డివిజన్‌లో (మీరు తరచూ తలపడే జట్ల గుంపులో) క్వార్టర్‌బ్యాక్‌లు బంతిని 2.5 సెకన్లలోపే వదిలేస్తుండటం. అంతలో రషర్ చేరడం కష్టం, రిసీవర్‌ని ఆట మొదలయ్యే గీత దగ్గరే నిలిపేసే కార్నర్ కావాలి.

"కార్నర్లు తర్వాతి రౌండ్లలో దొరుకుతార్లే" అన్న మాట పట్టుకుని మాత్రం నిర్ణయించకండి. కార్నర్ రిచర్డ్ షెర్మన్ 2011లో ఐదో రౌండ్‌లో దొరికినట్టే, రషర్ మ్యాక్స్ క్రాస్బీ 2019లో నాలుగో రౌండ్‌లో దొరికాడు. మీరు ఎక్కువగా జోన్ ఆడితే పొడుగు కార్నర్ కోసం ఆగొచ్చు. మ్యాన్ ఆడితే ఆగడం కష్టం. రషర్‌తో మొదలుపెట్టినా, కార్నర్ల కొరత ఉంటే ఒక్కడితో సరిపెట్టకుండా తర్వాతి ఎంపికల్లో ఇద్దర్ని తీసుకోండి.