కాలవలకి నీళ్ళు వదిలేలోపు కారు స్టీరింగ్ చూపించుకోండి

జూన్‌లో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి డెల్టా కాలవలకి నీళ్ళు వదులుతారు. వేసవి మరమ్మతుల కోసం కట్టేసిన కాలవలు కొద్ది రోజుల్లోనే నిండుగా పారతాయి. వెనకే వానలు మొదలవుతాయి. మన దారుల్లో చాలావరకు ఆ కాలవ గట్ల మీదే ఉన్నాయి. రాజమండ్రి–కాకినాడ కెనాల్ రోడ్డు చూడండి, మార్టేరు నుంచి పాలకొల్లు మీదుగా నరసాపురం వెళ్ళే దారి చూడండి, కోనసీమలో ఊళ్ళ మధ్య తిరిగే చిన్న రోడ్లు చూడండి. ఒక పక్క ఇళ్ళో చేలో ఉంటాయి, రెండో పక్క నీళ్ళే. చాలా చోట్ల అడ్డుగోడ ఉండదు. ఎదురుగా బస్సు వచ్చిందంటే మనం జరగడానికి మిగిలేది రెండు మూడు అడుగులే. హైవే మీద స్టీరింగ్ కాస్త లూజుగా ఉన్నా సర్దుకోవడానికి జాగా దొరుకుతుంది. గట్టు రోడ్డు మీద ఆ జాగా లేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న డిజైరో, వెర్నానో, ఎతియోసో ఇంట్లో ఉన్న ప్రతి కుటుంబానికీ నేను చెప్పేది ఒకటే. ఏసీ, పాటలు, సీటు కవర్లు తర్వాత. వానల ముందు పెట్టే మొదటి ఖర్చు టైర్లకీ స్టీరింగ్‌కీ పెట్టండి. "కొద్దిగా ప్లే ఉందండి, నడుపుతుంటే అలవాటైపోద్ది" అని అమ్మినాయన చెప్పే ఉంటాడు (ప్లే అంటే చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఒక్కటే ఊరికే ఆడడం). నిజమే, చేతులకి అలవాటైపోతుంది. ప్రమాదం అక్కడే ఉంది, ఎందుకంటే ప్లే రోజుకింత పెరుగుతున్నా మనకి తెలియదు.

ఇంటి దగ్గర చూసుకోగలిగినవి

ముందు గాలి. స్టీరింగ్ బరువుగా ఉందని వచ్చే బండ్లలో చాలా వాటికి ముందు టైర్లలో గాలి తక్కువే ఉంటుంది. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, ఎంత పెట్టాలో దాని మీద రాసి ఉంటుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. రెండు ముందు టైర్లలో ఒకదాంట్లో తగ్గితే బండి అటు పక్కకే లాగుతుంది.

తర్వాత అరుగుదల. టైరు గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే చట్టం ప్రకారమే ఆ టైరు పనికిరాదు. గాళ్ళ అడుగున అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి, రబ్బరు వాటి ఎత్తుకి వచ్చేసిందంటే ఆ హద్దు చేరినట్టే. కానీ మన వానలకి అంతదాకా ఆగకూడదని నా అభిప్రాయం, 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయాలి. టైరు లోపలి అంచో, బయటి అంచో ఒక్కటే అరిగి ఉంటే ఎలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉండాల్సిన కోణం) పోయిందని గానీ, కింద ఏదో జాయింట్ లూజైందని గానీ అర్థం. లోపలి అంచు నిలబడి చూస్తే కనబడదు. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, వంగి చూడాలి.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి, చక్రాలు తిన్నగా ఉంచి, స్టీరింగ్‌ని రెండు వేళ్ళతో మెల్లగా అటూ ఇటూ కదపండి. చక్రం కదలకుండా స్టీరింగ్ ఒక్కటే అంగుళం దాటి కదులుతుంటే మెకానిక్ దగ్గరికి వెళ్ళాల్సిందే. ఇంట్లో ఇంకొకరు ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, వాళ్ళని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి చిన్నగా ఊపమనండి. మీరు ముందు చక్రం పక్కన కూర్చుని వినండి. చక్రం దగ్గర టక్ టక్‌మంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే చివరి జాయింట్) మీద అనుమానం. బండి కిందకి మాత్రం దూరకండి.

బండి పక్కకి లాగుతోందా లేదా అన్నది గట్టు రోడ్డు మీద తేల్చుకోకండి. నీళ్ళు పోవడానికి రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా ఉంటుంది. మనం ఎడమ వైపు నడుపుతాం కాబట్టి ఏ కారైనా ఆ వాలుకి కొద్దిగా ఎడమకి జారుతుంది. అది జబ్బు కాదు. ఖాళీగా, చదునుగా ఉన్న చోట ఒకసారి వెళ్ళి, అదే దారిలో తిరిగి వచ్చి చూడండి. రెండుసార్లూ ఒకే వైపు లాగితే బండిలోనే ఉంది. అప్పుడు ముందు టైర్లు రెండూ అటుది ఇటు మార్పించి చూడండి (ఒకే వైపు తిరగాలని బాణం గుర్తున్న టైర్లయితే ఇది కుదరదు). లాగుడు కూడా వైపు మారితే తప్పు టైరుది. మారకపోతే ఎలైన్‌మెంట్. బండి ఆపాక ఒక్క చక్రం మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ చక్రానికి బ్రేకు పట్టేస్తోంది, స్టీరింగ్‌ని తిట్టి లాభం లేదు.

షెడ్డులో ఏం అడగాలి

బండి జాకీ మీద ఎత్తాక ముందు చక్రాన్ని ఎడమ, కుడి అంచులు పట్టుకుని ఊపిస్తారు. అలా కదిలితే టై రాడ్ ఎండ్ గానీ, అదే కడ్డీకి లోపలి చివర ఉండే రాక్ ఎండ్ గానీ పోయినట్టు (రాక్ అంటే స్టీరింగ్ తిప్పితే పక్కకి జరిగి చక్రాలని తిప్పే పళ్ళ కడ్డీ). పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలిందంటే చక్రాన్ని కింది ఆర్ముకి కలిపే బాల్ జాయింట్, లేదా వీల్ బేరింగ్. ఈ పరీక్ష మీ కళ్ళ ముందు చేయమనండి. ఏ మంచి మెకానిక్కూ దీనికి విసుక్కోడు.

జాయింట్ల మీద రబ్బరు బూట్లు (తొడుగులు) చిరిగాయేమో తప్పకుండా చూడమనండి. మన దగ్గర జాయింట్లు త్వరగా పోవడానికి పెద్ద కారణం అదే. బూటు చిరిగితే లోపలి గ్రీజు కారిపోయి, ఆ చోట బురద నీళ్ళు చేరతాయి. తీరం వైపు, రొయ్యల చెరువుల వైపు తిరిగే బండ్లకి ఉప్పు కూడా తోడవుతుంది. చేపల వ్యాన్లు రోడ్డు పొడుగునా కార్చుకుంటూ పోయే నీళ్ళు మన బండి కిందకే చిమ్ముతాయి. బూటు ఖరీదు తక్కువ. వదిలేస్తే రాక్ మొత్తం పోతుంది, దానికి వేలల్లో అవుతుంది.

ఒక పని మాత్రం ఒప్పుకోకండి. ప్లే ఎక్కువగా ఉందంటే కొంతమంది రాక్ మీదున్న స్క్రూ బిగించి పంపేస్తారు. ఆ పూటకి స్టీరింగ్ గట్టిగా, బాగున్నట్టే ఉంటుంది. తర్వాత మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రాదు, మనమే తిప్పి తెచ్చుకోవాలి. కాలవ లాకుల దగ్గర ఇరుకు వంతెన ఎక్కి, వెంటనే గట్టు మీదకి మళ్ళే చోట ఆ అరక్షణం ఆలస్యమే బండిని అంచుకి తీసుకుపోతుంది. అసలు అరిగింది టై రాడ్ ఎండో, చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్షో అయితే రాక్ బిగిస్తే ఆ జబ్బు పోదు, కనబడకుండా పోతుంది. ముందు చిన్న జాయింట్లన్నీ చూశాకే రాక్ మాట ఎత్తాలి.

టై రాడ్ ఎండ్ మార్చాక ఎలైన్‌మెంట్ చేయించాల్సిందే. దాని నట్టుకి పిన్ను ఉండే రకమైతే కొత్త పిన్ను వేయమనండి, పాతదే వంచి మళ్ళీ పెట్టనివ్వకండి.

ఒక పూర్తి చుట్టు తిప్పేటప్పుడు స్టీరింగ్ రెండు చోట్ల పట్టినట్టయి, మిగతా చోట తేలిగ్గా తిరుగుతుంటే కాలమ్ (స్టీరింగ్ నుంచి కిందకి దిగే కడ్డీ) కింద ఉండే యూజే క్రాస్ అనే జాయింట్ తుప్పు పట్టి ఉండొచ్చు. నిలబెట్టిన బండిలో తిప్పుతుంటే ముందు నుంచి స్ప్రింగు సాగి వదిలినట్టు టంగ్‌మంటే షాకబ్జర్ పైన ఉండే మౌంటింగ్. పూర్తిగా తిప్పి వెళ్ళేటప్పుడు కటకటమని ఆగకుండా చప్పుడొస్తే అది యాక్సిల్. ఎనభై దాటాక స్టీరింగ్ వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే డిస్కులు చూపించండి.

ఆయిలా, కరెంటా

మీ బండిది ఏ రకం పవర్ స్టీరింగో తెలుసుకోండి, జాగ్రత్తలు వేరు. పాత యాక్సెంట్, ఇండిగో, ఐకాన్ లాంటి వాటిలో ఆయిల్‌తో పనిచేసేది ఉంటుంది. బానెట్ కింద దాని ఆయిల్ డబ్బా వేరుగా కనబడుతుంది. అందులో ఆయిల్ తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది. నల్లబడితే మార్పించాలి, నురగ ఉంటే గాలి చేరుతోంది. తిప్పినప్పుడల్లా కూత పెడుతుంటే పంపో, బెల్టో, తక్కువైన ఆయిలో. పై దాకా పోసేసి ఊరుకోవద్దు, కారే చోటు పట్టించండి. ఏ ఆయిల్ పోయాలో కంపెనీ పుస్తకం చూసే పోయించండి, అన్నిటికీ ఒకటే పనికిరాదు. వాన నీళ్ళలోంచి వెళ్ళినప్పుడు బెల్టు తడిసి జారి, స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కుతుంది. బెల్టు పాతదైతే ఇది ఇంకా ఎక్కువ.

డిజైర్, ఎతియోస్, అమేజ్, ఎక్సెంట్ (Xcent, పాత యాక్సెంట్ కాదు) లాంటి వాటిలో కరెంటు మోటారు సాయం చేస్తుంది. దీనికి ఆయిల్ లేదు గానీ బ్యాటరీ బాగుండాలి. బ్యాటరీ నీరసపడినా, టెర్మినళ్ళకి తుప్పు పట్టినా, ఆల్టర్నేటర్ సరిగ్గా చార్జి చేయకపోయినా స్టీరింగ్ మధ్యలో సాయం మానేస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. ఏ ఎలక్ట్రీషియన్ అయినా నిమిషంలో చూసి చెబుతాడు. స్టీరింగ్ లైటు వెలిగిందని వేలు పోసి మోటారు మార్చే ముందు ఈ ఒక్క కొలత చూపించండి. హ్యుందాయ్ కార్లలో కొన్నిటికి మోటారు దగ్గర చిన్న రబ్బరు కప్లర్ అరిగి, డ్యాష్‌బోర్డు కింద నుంచి టక్‌మంటుంది. ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు, కాలమ్ మొత్తం మార్చాలంటే ఇంకో చోట అడగండి.

చేలల్లోకి నీళ్ళు వచ్చాక ఎలుకలు మెరక వెతుక్కుంటూ ఇళ్ళలోకి, బండ్లలోకి వస్తాయి. వైర్లు కొరికాయేమో వారానికొకసారి బానెట్ ఎత్తి చూడండి.

ఈ సీజన్లో కొనేవాళ్ళకి

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో బెజవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బండి శుభ్రం చేశాక ఎక్కడైనా అమ్మకానికి రావచ్చు. కరెంటు స్టీరింగ్ బండ్లలో చాలా వాటికి మోటారు, దాని కంప్యూటర్ కాలమ్ మీద, డ్యాష్‌బోర్డు కిందే ఉంటాయి. నీళ్ళు అంత ఎత్తుకి చేరి ఉంటే అది ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. సీటు బెల్టు చివరిదాకా లాగి మట్టి గీత ఉందేమో చూడండి. సీటు పట్టాలకీ, స్టీరింగ్ కాలమ్ బోల్టులకీ తుప్పుందేమో టార్చి వేసి చూడండి. బీమా క్లెయిముల వివరం అడగండి. తాళం తిప్పగానే స్టీరింగ్ బొమ్మ లైటు వెలిగి, స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. ఆ లైటు ఉండే మోడల్లో అసలు వెలగకపోతే దాన్ని తీసేశారేమో అని అడగండి.

రోడ్డు మీద జరిగితే

నడుపుతుండగా స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కితే టెన్షన్ పడకండి. సాయం పోయింది, స్టీరింగ్ పోలేదు. చక్రాలకీ స్టీరింగ్‌కీ మధ్య ఇనుప లంకె అలాగే ఉంటుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, స్పీడు తగ్గించి, కాలవ లేని పక్కన వెడల్పు చోటు చూసి ఆపండి. బండి కదులుతుండగా తాళం మాత్రం తీయకండి, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. పెట్రోలు కలిసొస్తుందని వంతెన దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ సాయం పోతుంది, బ్రేకు బలం కూడా తగ్గుతుంది.

దీనికి ఎదురుగా, నీళ్ళు నిలిచిన రోడ్డు మీద స్టీరింగ్ ఉన్నట్టుండి దూదిలా తేలికైందంటే టైరు నీళ్ళ మీద తేలుతోంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. బ్రేకు తొక్కద్దు, విదిలించద్దు. ట్రాక్టర్లు చేలోంచి తెచ్చిన మట్టి మొదటి వానకి రోడ్డు మీద జిగురుగా మారిన చోట కూడా ఇంతే. అక్కడ ముప్పై దాటకుండా వెళ్ళడమే మేలు.

వరద రోజుల్లో లంకల కాజ్‌వేల మీద నీళ్ళు పారుతుంటే ఎంత మంచి స్టీరింగైనా పనిచేయదు. 2022 జూలైలో ఆ దారులు రోజుల తరబడి నీళ్ళ కిందే ఉన్నాయి. అడుగు లోతు పారే నీళ్ళకే చిన్న కారు పట్టు సడలుతుంది, రెండడుగులైతే కొట్టుకుపోతుంది. ఆగిపోండి.

ఇంత చూసుకున్నా బండి కాలవలో పడితే మొదటి నిమిషమే ముఖ్యం. తలుపు తోస్తూ కూర్చోకండి, నీళ్ళ ఒత్తిడికి రాదు. బెల్టులు తీసి, అద్దాలు దించండి, కరెంటు అద్దాలు కొద్దిసేపు పనిచేస్తాయి. దిగకపోతే పక్క అద్దాన్ని మూలన కొట్టాలి, ముందు అద్దం పగలదు. పిల్లల్ని ముందు బయటికి పంపి, మీరు వెనకే రండి. ఫోను వెతకడం, సామాను తీయడం వద్దు, 112కి ఒడ్డుకి చేరాకే చేయండి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి దొరుకుతుంది. దాన్ని డిక్కీలో పెట్టకండి, డ్రైవర్ తలుపు అరలో చేతికందేలా ఉంచి, ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి.