బ్రిటన్ నుంచి చైనాకు మకాం: మొదటి నెల జాగ్రత్తలు

ఉద్యోగానికైతే జెడ్ వీసా మీదే వెళ్లాలి. "ముందు వచ్చేయండి, వీసా ఇక్కడ మార్పిస్తాం" అనే యజమానిని నమ్మకండి. పట్టుబడితే జరిమానా పనిచేసినవాళ్లకూ పడుతుంది: 5,000 నుంచి 20,000 యువాన్లు. వ్యవహారం ముదిరితే 5 నుంచి 15 రోజులు లోపల కూర్చోవాలి. డిగ్రీకి, పోలీసు సర్టిఫికెట్‌కి బ్రిటన్‌లోనే అపోస్టిల్ (కాగితం మీది సంతకం, ముద్ర అసలైనవేనని ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) వేయించుకోండి. 2023 నవంబరు 7 నుంచి దాని మీద మళ్లీ చైనా ఎంబసీ ముద్ర అక్కర్లేదు. ఆ ముద్ర కోసం డబ్బు అడిగే ఏజెంట్లు దొరికితే దండం పెట్టి వచ్చేయండి.

దిగాక 24 గంటల్లో పోలీసుల దగ్గర చిరునామా నమోదు కావాలి. హోటల్లో దిగితే వాళ్లే చేసేస్తారు. అద్దె ఇంట్లోనో స్నేహితుల ఇంట్లోనో ఉంటే ఆ బాధ్యత మీదే. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే ఓనర్ని ఒక్క మాట అడగండి: నమోదుకు కాగితాలిస్తారా? నీళ్లు నమిలితే ఆ ఇల్లు వద్దు. పోలీసులిచ్చే ఆ నమోదు చీటీ లేనిదే రెసిడెన్స్ పర్మిట్ ముందుకు కదలదు, దానికేమో దిగిన 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. అన్నట్టు, జెడ్ వీసా సాధారణంగా ఒక్కసారి ప్రవేశానికే. పర్మిట్ చేతికి రాకుండా హాంకాంగ్ షికారుకు వెళ్తే ఆ వీసా మీద తిరిగి లోపలికి రానివ్వరు.

అద్దెకు "యా ఇ ఫు సాన్" అంటారు: ఒక నెల డిపాజిట్, మూడు నెలల అద్దె ముందే. అంటే నాలుగు నెలల డబ్బు, ఆపైన బ్రోకర్ కమిషన్.

ఎక్కువమంది చిక్కుకునేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఉన్న పేరే, అదే వరసలో, ఖాళీలతో సహా సిమ్‌కీ బ్యాంకుకీ ఇవ్వాలి. ఒకచోట మధ్య పేరు వదిలేసి, ఇంకోచోట ఇంటిపేరు ముందు రాస్తే చెల్లింపుల యాప్‌లైన అలీపే, వీచాట్‌లకు బ్యాంకు కార్డు ముడిపడదు. పొడుగు తెలుగు పేర్లున్న బ్రిటిష్ పౌరులకు ఈ తిప్పలు మరీ ఎక్కువ. కౌంటర్ దగ్గర తెరమీద టైపు చేసింది చదివి చూశాకే సంతకం పెట్టండి. ఖాతా తెరిచేదాకా బ్రిటన్ బ్యాంకులిచ్చిన వీసా కార్డులు, మాస్టర్ కార్డులు ఆ యాప్‌లకు తగిలించుకోవచ్చు. 200 యువాన్లు దాటిన చెల్లింపుకు 3 శాతం పోతుంది.

బ్రిటన్ సిమ్ తీసేయకండి, అక్కడి బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. వాట్సాప్, జీమెయిల్ చైనా నెట్‌లో తెరుచుకోవు. బ్రిటన్ సిమ్ రోమింగ్‌లో మామూలుగా పనిచేస్తాయి.

సామాన్లలో మూడు పిన్నుల బ్రిటన్ ప్లగ్గులకు అడాప్టర్లు వేసుకోండి. వోల్టేజి 220 కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ మోయక్కర్లేదు. పవర్ బ్యాంకు మాత్రం అక్కడే కొనండి: 3సీ (చైనా భద్రతా ధ్రువీకరణ) గుర్తు లేనివాటిని 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లోకి రానివ్వడం లేదు. కోడీన్ కలిసిన నొప్పి మాత్రలుంటే ప్రిస్క్రిప్షన్ వెంట ఉండాలి. గంజాయి సంగతికొస్తే, బయట దేశంలో తాగి వచ్చినా పరీక్షలో తేలితే అక్కడ కేసే.

కుళాయి నీళ్లు మరిగించాకే తాగాలి. షాంఘైలో ఇల్లు చూస్తుంటే ఏసీలో వేడిగాలి వస్తుందో లేదో వేసి చూడండి. నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా బీజింగ్ ఇళ్లకు ఊరంతటికీ కలిపి వేడి అందుతుంది, షాంఘైకి ఆ ఏర్పాటు లేదు. జనవరిలో గదిలోనే కోటు వేసుకు కూర్చోవాల్సి వస్తుంది.

రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడండి. ఎర్ర లైటున్నా కుడికి తిరిగే కార్లు ఆగవు, ఎలక్ట్రిక్ స్కూటర్లు చప్పుడు లేకుండా ఫుట్‌పాత్ మీదికే వస్తాయి. అంబులెన్సుకు 120, పోలీసుకు 110. అటువైపు ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఉండకపోవచ్చు, ఇంటి చిరునామా చైనీస్‌లో రాయించి ఫోను కవరు వెనక పెట్టుకోండి.