కేబుల్‌లో స్పోర్ట్స్ ఛానల్ ఆగిపోతే ఏం చేయాలి? మ్యాచ్ పోకుండా, డబ్బులూ పోకుండా

మ్యాచ్ మొదలయ్యే టైముకి టీవీ పెడితే స్పోర్ట్స్ ఛానల్ మాత్రం రాదు, సీరియళ్లు న్యూస్ అన్నీ బాగానే వస్తుంటాయి. కర్నూలయినా కడపయినా మా అనంతపురమయినా అందరం చేసేది ఒకటే, కేబుల్ ఆయనకి ఫోన్ కొట్టి నాలుగు మాటలు అనడం. ఆయనేమో "పైనుంచే రావట్లేదన్నా, కంపెనీ వాళ్లు ఆపినారు" అంటాడు. ఆ పైన ఉండేది ఎవరు, ఎందుకు ఆపినారు, నేను కట్టిన డబ్బు సంగతేంది అని అడిగేవాళ్లు చాలా తక్కువ. అడగాలి. 2024 సెప్టెంబర్‌లో మన ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ ఆడినప్పుడు జనం ఎట్లా వచ్చినారో చూసినోళ్లకు తెలుసు, ఇక్కడ క్రికెట్ అంటే ఎంత ప్రాణమో. అట్లాంటి ఊర్లల్లో నెల నెలా బిల్లు కట్టి కూడా మ్యాచ్ చూడలేకపోవడం ఊరికే వదిలేసే విషయం కాదు.

ముందు అసలు ఎందుకు రావట్లేదో తేల్చుకోండి

ఫోన్ చేసే ముందు ఐదు నిమిషాలు రిమోట్ పట్టుకుని కూర్చోండి. బాక్సు ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. అన్ని ఛానళ్లూ పోయింటే అది వైరు సమస్యో, మీ ఏరియాలో కేబుల్ తెగిందో, లేదంటే రీఛార్జ్ అయిపోయిందో, దానికి ఈ వ్యాసం అక్కర్లేదు. ఒక్క స్పోర్ట్స్ ఛానలే రాకుండా స్క్రీన్ మీద ఈ ఛానల్‌కి మీరు సబ్‌స్క్రైబ్ కాలేదు అని వస్తే అది ఎక్కువగా ప్యాక్ సమస్య, మీ ప్యాక్‌లో నుంచి దాన్ని తీసేసినారో మీ ప్యాక్ మారిందో ఉంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. స్టార్ స్పోర్ట్స్ తెలుగు రాకపోతే వెంటనే స్టార్ మా పెట్టి చూడండి, రెండూ ఒకే కంపెనీవి, ఇప్పుడు జియోస్టార్ కింద ఉండేవి. సోనీ స్పోర్ట్స్ టెన్ 4 రాకపోతే సోనీ మ్యాక్స్, సోనీ సబ్ వస్తున్నాయా చూడండి. ఒక కంపెనీ ఛానళ్లన్నీ కట్టగట్టుకుని పోయి, మిగతా కంపెనీలవి శుభ్రంగా వస్తున్నాయంటే అది వైరు సమస్య కాదు, మీ ప్యాక్ సమస్యా కాదు, ఆ ఛానల్ కంపెనీకీ మీ కేబుల్ నెట్‌వర్క్‌కీ మధ్య గొడవ అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఇంకా అనుమానం ఉంటే డిష్ టీవీయో టాటా ప్లేయో ఉండే పక్కింట్లో కనుక్కోండి. వాళ్లకు వస్తూ మీ నెట్‌వర్క్ ఉన్న ఇళ్లల్లో ఎవరికీ రాకపోతే ఇంక అనుమానమే లేదు.

గొడవ దేని గురించో తెలుసుకుంటే మాట్లాడేది సులువు

మన వీధిలో బిల్లు వసూలు చేసే ఆయన లోకల్ ఆపరేటర్. ఆయనకి సిగ్నల్ ఇచ్చే పెద్ద నెట్‌వర్క్‌ని ఎంఎస్ఓ అంటారు. ఛానల్ కంపెనీతో రాతపూర్వకంగా అగ్రిమెంట్ చేసుకునేది ఈ ఎంఎస్ఓనే, మన వీధి ఆయన కాదు. కాబట్టి ఆయన మీద అరిస్తే ఒరిగేదేం లేదు, పైగా ఛానల్ ఆగితే కనెక్షన్లు పోగొట్టుకునేది మొదట ఆయనే.

డబ్బు లెక్క ఒకసారి చూడండి. టీవీ, టెలికాం కంపెనీలకు రూల్స్ పెట్టే ట్రాయ్ నిబంధనల ప్రకారం పే ఛానల్‌కి, అంటే డబ్బు కట్టి చూసే ఛానల్‌కి, రేటు పెట్టేది ఛానల్ కంపెనీ, కానీ ఆ ఛానల్‌ని బొకేలో, అంటే కొన్ని ఛానళ్లు కట్టగట్టి అమ్మే ప్యాక్‌లో, కలపాలంటే దాని విడి రేటు నెలకు 19 రూపాయలు దాటకూడదు. 2020లో దాన్ని 12కి తగ్గించాలని చూసినారు, కోర్టుల దాకా పోయి, చివరికి 2022 నవంబర్‌లో మళ్లీ 19కే తెచ్చినారు. ఆ 19లో కనీసం 20 శాతం, అంటే 3 రూపాయల 80 పైసలు నెట్‌వర్క్‌కి పంపిణీ ఫీజు కింద ఇయ్యాల. దాని పైన కంపెనీ ఇష్టమైతే ఇంకో 15 శాతం వరకు డిస్కౌంట్ ఇయ్యొచ్చు. అంటే ఒక్క ఛానల్ మీద 3.80 నుంచి 6.65 మధ్యలో ఎంత వస్తుందనే దగ్గర బేరం. చూసేదానికి చిన్న మొత్తమే గానీ లక్షల ఇళ్లకు, పన్నెండు నెలలకు లెక్కేస్తే అది కోట్లల్లో ఉంటుంది.

ఇంకో పక్క ఛానల్ కంపెనీ ఖర్చు చూడండి. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ టీవీ హక్కులకే స్టార్ పెట్టింది 23,575 కోట్లు. అది యాడ్స్‌లో నుంచి, మన చందాల్లో నుంచి రాబట్టుకోవాల. అందుకని రేట్లు పెంచుతారు, జనం ఎక్కువగా అడిగే స్పోర్ట్స్ ఛానల్‌ని తక్కువ చూసే ఛానళ్లతో కలిపి బొకేలో పెడతారు. బిల్లు పెరిగితే జనం కేబుల్ పీకేసి ఫోన్లో చూసుకుంటారని ఎంఎస్ఓ భయం. వీటికి తోడు పాత బాకీలు, ఎన్ని ఇళ్లకు ఛానల్ ఇస్తున్నారనే లెక్కలో తేడాలు. నన్నడిగితే ఇద్దరి బాధలోనూ నిజం ఉంది, కానీ నెల మొదట్లోనే డబ్బు కట్టేసిన ఇంట్లో మాత్రం మాట కూడా చెప్పకుండా టీవీ ఆపేదానికి ఇద్దరిలో ఎవరికీ హక్కు లేదు.

2023 ఫిబ్రవరిలో జరిగింది గుర్తుందా? కొత్త రేట్ల అగ్రిమెంట్ల మీద సంతకాలు పెట్టలేదని స్టార్, సోనీ, జీ కంపెనీలు దేశమంతా చాలా కేబుల్ నెట్‌వర్క్‌లకు ఫిబ్రవరి 18న సిగ్నల్ ఆపేసినాయి. దాదాపు నాలుగున్నర కోట్ల ఇళ్లకు ఛానళ్లు పోయినాయని కేబుల్ సంస్థల సంఘం చెప్పింది. అప్పుడు ఢిల్లీలో ఆస్ట్రేలియాతో టెస్ట్ నడుస్తా ఉంది, మరుసటి రోజే జడేజా 42 పరుగులకు 7 వికెట్లు తీసి మ్యాచ్ తిప్పేసినాడు, ఆ నెట్‌వర్క్‌ల ఇళ్లల్లో టీవీలో అది చూసే దారి లేదు. వారం దాటకముందే ఒప్పందాలు కుదిరి ఛానళ్లు వచ్చినాయి. అమెరికాలో కూడా ఇదే పద్ధతి, అదే ఏడాది డిస్నీకీ చార్టర్ అనే కేబుల్ సంస్థకీ గొడవొచ్చి ఆగస్టు 31న ఈఎస్‌పీఎన్‌తో సహా ఛానళ్లు ఆగినాయి, సెప్టెంబర్ 11న పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు రాజీ పడినారు. జనం ఎక్కువ చూసే రోజుల్లోనే ఒత్తిడి ఎక్కువ పని చేస్తుంది, అందుకే మనకు పెద్ద సిరీస్ ముందే ఈ కష్టం వస్తుంది.

స్క్రోలింగ్ కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి

ఇది చాలామంది చేయని పని, కానీ ముఖ్యమైంది. రూల్ ప్రకారం ఛానల్ కంపెనీ గానీ ఎంఎస్ఓ గానీ సిగ్నల్ ఆపాలంటే అవతలి వాళ్లకు కనీసం మూడు వారాల ముందు కారణం రాసి నోటీసు ఇయ్యాల, చూసేవాళ్లకు ఆ ఛానల్ మీదే స్క్రోలింగ్ వేసి తెలపాల. టీవీ కింద ఫలానా తేదీ నుంచి ఫలానా నెట్‌వర్క్‌లో మా ఛానళ్లు రావు అని పోతా ఉంటే తేదీ కనపడేట్టు ఫోన్‌తో ఫోటో తీయండి. ఏ స్క్రోలింగూ లేకుండా ఆగిపోయింటే అది కూడా ఫిర్యాదులో రాయాల్సిన పాయింటే. ఇంకో మాట, స్క్రోలింగ్ చూసినాక ఆరు నెలలకో సంవత్సరానికో ఒకేసారి కట్టే స్కీములో చేరొద్దు, గొడవ తేలేదాకా నెల నెలా కట్టుకోండి.

బిల్లు తీసి చదవండి, తర్వాత ఫిర్యాదు చేయండి

మన దగ్గర చాలామంది రసీదే తీసుకోరు, ఇంత అంటే అంత ఇచ్చేస్తారు. ఈసారి అడిగి తీసుకోండి. దాంట్లో రెండు ముక్కలు ఉంటాయి, ఒకటి నెట్‌వర్క్ చార్జీ, రెండోది పే ఛానళ్ల రేటు, రెండిటి మీదా జీఎస్టీ. నెట్‌వర్క్ చార్జీ మొదట్లో వంద ఛానళ్లకు 130 రూపాయలే గరిష్ఠం, 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు అయ్యేది. 2024 జులైలో ట్రాయ్ ఆ పరిమితి ఎత్తేసింది, ఇప్పుడు నెట్‌వర్కే నిర్ణయించుకుంటుంది, కాకపోతే ఆ రేటు అందరికీ తెలిసేట్టు పెట్టాల. మీ ప్యాక్‌లో ఏ ఛానళ్లున్నాయి, ఏది ఎంత అనేది కేబుల్ కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. వాళ్ల కస్టమర్ కేర్ సమాచారం కోసం టీవీలో 999 నంబర్ ఛానల్ కూడా చూడండి.

రాని ఛానల్‌కి డబ్బు తీసుకోకూడదు, ఇది గట్టిగా పట్టుకోవాల్సిన మాట. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి విషయం చెప్పి ఫిర్యాదు నంబర్ అడగండి, నంబర్ ఇయ్యకుండా "చూస్తాం సార్" అంటే ఫోన్ పెట్టేయొద్దు. ఆ తర్వాత వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఇట్లా రాసి పంపండి:

"నా బాక్సు నంబర్ ఇది. ఫలానా తేదీ నుంచి నా ప్యాక్‌లో ఉన్న ఈ ఛానళ్లు రావట్లేదు. ముందుగా నాకు ఎట్లాంటి సమాచారం ఇవ్వలేదు. రాని రోజులకు ఈ ఛానళ్ల డబ్బు వచ్చే బిల్లులో తగ్గించండి, లేదా ఈ ఛానళ్లు తీసేసి నా ప్యాక్ రేటు తగ్గించండి. ఎప్పటికి వస్తాయో రాతపూర్వకంగా చెప్పండి."

అంతే, తిట్లు అక్కర్లేదు, పెద్ద కథ అక్కర్లేదు. మూడు నాలుగు ఇళ్లవాళ్లు కలిసి పంపితే ఇంకా మంచిది. దీనికి పలకకపోతే కంపెనీలో ఫిర్యాదులు చూసే పై అధికారికి, నోడల్ ఆఫీసర్ అంటారు, అదే ఫిర్యాదు నంబర్‌తో పంపండి, ఆ వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాల్సిన బాధ్యత వాళ్లది. అప్పటికీ కదలకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్, మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే కేసు వేసేదానికి ఫీజు లేదు, సొంతంగా కూడా వాదించుకోవచ్చు. ఒక్క ఛానల్ రేటు కోసం అంత దూరం పోవాలా అంటే మీ ఇష్టం, కానీ ఏడాది డబ్బు ఒకేసారి కట్టినోళ్లు మాత్రం వదలొద్దు.

ట్రాయ్‌కి రాస్తే పని అయిపోతుందని కొందరు అనుకుంటారు, ట్రాయ్ రూల్స్ పెట్టే సంస్థ, ఒక్కొక్కరి ఫిర్యాదు తీర్చేది కాదు. కంపెనీలు ఒకరి మీద ఒకరు పోయేది టీడీశాట్ అనే ట్రిబ్యునల్‌కి.

ఇంతలో మ్యాచ్ ఎట్లా చూడాలి?

ఇండియా టీమ్ ఆడే వన్డేలు, టీ20లు అయితే దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్ మంచి దారి. 2007లో చేసిన చట్టం ప్రకారం ఆ మ్యాచ్‌ల ఫీడ్‌ని, అంటే లైవ్ ప్రసారాన్ని, హక్కులు కొన్న ఛానల్ దూరదర్శన్ నడిపే ప్రసార భారతికి ఇయ్యాల్సిందే. ఆ చట్టం కూడా ఇట్లాంటి గొడవలోంచే పుట్టింది, ఆ ఏడాది జనవరిలో వెస్టిండీస్ సిరీస్‌కి దూరదర్శన్‌లో ఏడు నిమిషాలు ఆలస్యంగా చూపించుకోమని ఢిల్లీ హైకోర్టు చెప్పింది, దాని వెనకే ఆర్డినెన్స్, తర్వాత చట్టం వచ్చినాయి. ఐపీఎల్‌కి మాత్రం ఈ లెక్క ఉందని ఆశపడొద్దు.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది ఇంకోటుంది. "డీడీ స్పోర్ట్స్ మా కేబుల్‌లోనే వస్తుంది కదా" అని మ్యాచ్ రోజు పెడితే అక్కడ వేరే ప్రోగ్రాం నడుస్తుంటుంది. కేబుల్ ఆయన తప్పు కాదు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, ప్రసార భారతికి వచ్చిన ఆ ఫీడ్ దాని సొంత ఫ్రీ డిష్‌లో, యాంటెన్నాతో వచ్చే దూరదర్శన్‌లో మాత్రమే చూపించాల, ప్రైవేటు కేబుల్‌కి, డీటీహెచ్‌కి పోకూడదని. కాబట్టి ఫ్రీ డిష్ గొడుగూ (డిష్ యాంటెన్నా) బాక్సూ విడిగా ఉండాల్సిందే. ఒక్కసారి కొనే ఖర్చే, నెల చందా ఉండదు. పెట్టించేటప్పుడు మన ప్రాంతంలో గొడుగు ఆగ్నేయం దిక్కుకి, బాగా పైకి చూస్తుంది, మేడ మీద ఆ పక్క వాటర్ ట్యాంకు గానీ వేపచెట్టు కొమ్మ గానీ అడ్డం లేని చోటు ముందే చూసి పెట్టుకోండి.

ఫోన్లో, స్మార్ట్ టీవీలో చూడాలంటే ముందు ఆ మ్యాచ్ ఏ యాప్‌లో వస్తుందో చూసుకోండి, స్టార్ స్పోర్ట్స్‌లో వచ్చేవి జియోహాట్‌స్టార్‌లో, సోనీ స్పోర్ట్స్‌లో వచ్చేవి సోనీ లివ్‌లో ఎక్కువగా ఉంటాయి. అన్ని ఛానళ్లూ తక్కువకే అని టెలిగ్రామ్‌లో తిరిగే యాప్‌లు మాత్రం వేసుకోవద్దు, అవి దొంగ ప్రసారాలు, ఫోన్లో బ్యాంకు వివరాలు కూడా ఉంటాయని మర్చిపోకండి.

కేబుల్ పీకేసి డీటీహెచ్‌కి మారాలనుకుంటే ఒక వారం ఆగండి. బాక్సు, గొడుగు అన్నీ కొత్తగా పెట్టుకోవాల, మారిన మూడో రోజు పాత కేబుల్‌లో ఛానల్ వచ్చేస్తే రెండు పక్కలా డబ్బు కట్టినట్టయితుంది. వారం దాటినా కదలిక లేకపోతే, ముందర పెద్ద టోర్నీ ఉంటే, అప్పుడు మారండి, పాత బాక్సు డిపాజిట్ కట్టింటే అది వెనక్కి అడగండి.

ఛానల్ వచ్చినాక

ఒప్పందం కుదిరి ఛానల్ వచ్చిందంటే ఎక్కువసార్లు కొత్త రేటుతోనే వస్తుంది. అందుకే ఆ తర్వాత వచ్చే మొదటి రసీదు తప్పకుండా చూడండి. మీరు అడగని ప్యాక్‌లో మిమ్మల్ని పడేసినారా, రాని రోజుల డబ్బు తగ్గించినారా అనేది అక్కడే తెలుస్తుంది. ప్యాక్ పెద్దదైపోయింటే మీకు కావాల్సిన స్పోర్ట్స్ ఛానల్ ఒక్కటే విడిగా ఇయ్యమని అడగండి, ప్రతి పే ఛానల్‌నీ విడిగా ఇయ్యాల్సిందే, "విడిగా లేదు" అని చెప్పేదానికి లేదు. సిరీస్ అయిపోయినాక ఆ ఛానల్ తీసేయమని కూడా చెప్పొచ్చు, మళ్లీ ఐపీఎల్ వచ్చినప్పుడు వేయించుకోవచ్చు.