పొత్తిళ్ళలో చుట్టినా పసిబిడ్డ ఏడుపు ఆపకపోతే

పాలు పట్టి, త్రేన్పు తీయించి, పొత్తిగుడ్డలో చుట్టి పడుకోబెట్టిన పావుగంటకే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, దిష్టి తీయడానికి ఉప్పూ మిరపకాయలూ వెతికే ముందు చుట్టు విప్పి అడుగుగుడ్డ తడిసిందేమో చూడాలి. ఇది కూడా చెప్పాలా అనిపించవచ్చు గానీ, బాలింతల వార్డులో నన్ను నిద్రలేపిన పిలుపుల్లో చాలావరకు ఒక తడిగుడ్డతోనే తీరిపోయాయి.

తడి లేకపోతే బిగువు చూడాలి. ఛాతీ దగ్గర గుడ్డకూ ఒంటికీ మధ్య మీ రెండు వేళ్ళు సులువుగా దూరాలి. నడుము కింద మాత్రం మోకాళ్ళు ముడుచుకొని పక్కలకు విచ్చుకునేంత వదులు ఉండాలి. వంకర పోకుండా పెరుగుతాయని కాళ్ళను నిటారుగా సాగదీసి కట్టడం వల్ల అవి చక్కబడవు సరికదా, తుంటి కీలు గూటి నుంచి జారే ప్రమాదం పెరుగుతుంది.

చుట్టు మాటిమాటికీ ఊడిపోతుంటే తప్పు సాధారణంగా గుడ్డది. కొత్త సింథటిక్ గుడ్డ జారుతుంది. బాగా ఉతికి మెత్తబడిన నూలు చీర ముక్క, మీటరు పొడవూ మీటరు వెడల్పూ ఉన్నది, నిలుస్తుంది. ఊడిన కొస బిడ్డ ముఖం మీదికి వచ్చే వీలుంటే ఆ పూటకు చుట్టకపోవడమే మేలు.

ఇవన్నీ సరిగానే ఉన్నా ఏడుపు ఆగకపోతే అనుమానించవలసింది వేడిని. నేను ఎక్కువగా మోసపోయింది ఇక్కడే. పుట్టిన కొద్ది రోజులు బిడ్డ అరచేతులూ అరికాళ్ళూ చల్లగా, ఒక్కోసారి కాస్త నీలంగా ఉండటం సహజం. అమ్మమ్మ పాదం ముట్టుకొని "చలేస్తోంది తల్లికి" అని ఇంకో దుప్పటి కప్పుతుంది. లోపల వేడెక్కిన బిడ్డ ఇంకా ఏడుస్తుంది. అప్పుడు టోపీ వస్తుంది, స్వెట్టర్ వస్తుంది, కిటికీ మూతపడుతుంది. మా ఇంట్లోనే, మే నెలలో, పది రోజుల మనవడి ఒళ్ళు కాలిపోతున్నదని అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాము. అక్కడి నర్సు మూడు పొరలు విప్పి ఊరుకుంది. అరగంటకు చంకలో 37.9 డిగ్రీల నుంచి 37.1కి దిగింది. ఇన్నేళ్ళ అనుభవం ఉండీ నేను ఆ రాత్రి పట్టి చూసింది పాదాలనే.

కాబట్టి చేయి పెట్టవలసిన చోటు మెడ వెనుక, లేదా ఛాతీ. అక్కడ చెమట పట్టినా, కాలుతున్నట్టు తగిలినా టోపీ తీసి ఒక పొర తగ్గించండి. ఎండాకాలంలో పలుచని నూలు గుడ్డ ఒక్కటి చాలు. చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీల వరకు మామూలు. పొరలు విప్పి అరగంట ఆగినా 37.5 పైనే ఉంటే, లేదా 38 కనబడితే, లేదా బిడ్డ పాలు తాగకుండా మత్తుగా ఉంటే, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కాలి వేలికి తల వెంట్రుక బిగుసుకోవడం, మడతల్లో చీమ దూరడం వంటివి అరుదు; విప్పినప్పుడు ఒకసారి చూస్తే సరిపోతుంది.

చుట్టిన బిడ్డను ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. పక్కకు తిరగడానికి తొలి ప్రయత్నం కనబడిన రోజే, అది రెండో నెలలోనైనా సరే, పొత్తిగుడ్డ మడిచి పెట్టెలో పెట్టేయండి.