నిప్పు రంగు కుండీ ఫోటోలో తెల్లబోకుండా

పాత ఆర్ట్ పాటరీ (అలంకారం కోసం చేసిన పింగాణీ, మట్టి సామాను) కుండీని ఫోన్‌తో తీస్తే ఎర్రటి గ్లేజ్ (గాజులా మెరిసే పూత) మీద తెల్లటి మెరుపు మచ్చలు పడతాయి, అసలు రంగు పోతుంది. దీనికి లైట్ బాక్స్ (వస్తువుని లోపల పెట్టి ఫోటో తీసే వెలుతురు పెట్టె) కొనక్కర్లేదు.

గదిలో లైట్లు, ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. ఎండ నేరుగా పడని కిటికీకి పక్కగా, రెండు మూడడుగుల దూరంలో కుండీ పెట్టండి. కిటికీకి పల్చటి తెల్ల గుడ్డ కట్టి, కుండీకి అవతలి పక్క ఒక తెల్ల చార్ట్ నిలబెట్టండి. వెనక బూడిద రంగు గుడ్డ ఉంటే మంచిది. స్క్రీన్ మీద కుండీని తాకి, ఫోటోలో వెలుతురు (ఎక్స్‌పోజర్) కొద్దిగా తగ్గించండి. తర్వాత కుండీని కొంచెం కొంచెంగా తిప్పుతూ తీయండి. 1898లో ఇంగ్లండ్‌లో మొదలైన రస్కిన్ పాటరీ వాళ్ల రాగి ఎరుపు కుండీల్లాంటివైతే ఈ తిప్పడం దగ్గర తొందరపడొద్దు. ఒక వైపు నెత్తుటి ఎరుపు, ఇంకో వైపు ఊదా, మధ్యలో ఆకుపచ్చ చుక్కలు ఉండొచ్చు. ఎంత అందమో!

లోహంలా తళుక్కుమనే లస్టర్ గ్లేజ్‌కి మాత్రం ఇది పనిచేయదు. దాని అందమంతా ఆ తళుకులోనే ఉంటుంది కాబట్టి కిటికీ గుడ్డ తీసేసి ఫోటో తీయండి.