ఫిట్స్ వస్తే ముందు గడియారం చూడండి

మా అబ్బాయికి మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు పదకొండేళ్లు. వంటింటి గుమ్మం దగ్గర పడిపోయాడు. మా అత్తగారు బీరువా తాళాలగుత్తి తెచ్చి వాడి గుప్పిట్లో పెట్టారు. నాలుక కొరుక్కుంటాడేమోనని నేను పళ్ల మధ్య చెంచా దూర్చాను. ముందుపన్ను విరిగింది. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో మూర్ఛ దానంతటదే ఆగుతుంది, పేరు మాత్రం తాళాలకు వస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో మొదటి చూపు గోడ గడియారం మీదికే పోతుంది. తర్వాత దగ్గరున్న స్టూలు, గాజు గ్లాసు పక్కకు జరిపి, తల కింద మడత తువ్వాలు పెడతాం. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోం. నోట్లో ఏమీ పెట్టం. కుదుపులు తగ్గగానే ఒక పక్కకు తిప్పుతాం, నురగ బయటికి కారిపోవాలి కదా. పూర్తిగా తెలివి వచ్చేదాకా మంచినీళ్లు కూడా పట్టకండి.

ఐదు నిమిషాలు దాటితే, డాక్టరు ముందే రాసిచ్చిన, ఫిట్స్ ఆపే మిడజోలం స్ప్రే ముక్కులో కొట్టి 108కి ఫోన్ చేయాలి. తేరుకోకముందే మళ్లీ వచ్చినా, నీళ్లలో ఉండగా వచ్చినా, గర్భిణికి వచ్చినా, అసలు ఇదే మొదటిసారైనా ఐదు నిమిషాలు ఆగవద్దు.

ఇంకొకరు ఉంటే వీడియో తీయమనండి. తల ఎటు తిరిగింది, ముందు ఏ చెయ్యి కొట్టుకుంది అన్నది న్యూరాలజిస్టుకు ఎంతో పనికొస్తుంది. మెదడు తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని కాదు.

మందు సంగతి మరీ ముఖ్యం. మా వాడికి లెవెటిరాసెటమ్, ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి. వేసిన ప్రతిసారీ క్యాలెండరులో టిక్కు పెడతాను. ఒకసారి పద్నాలుగు నెలలు ఫిట్స్ రాలేదని, తగ్గిపోయిందనుకుని మేమే ఆపేశాం. నాలుగో రోజున ఒకదాని వెంట ఒకటి వచ్చి ఐసీయూలో పెట్టాల్సి వచ్చింది. దయచేసి ఆ పని చేయకండి. కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాక, తగ్గించాలో వద్దో డాక్టరే చూస్తారు, అదీ కొద్దికొద్దిగా. ఆడపిల్లలకు వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు రాస్తే, మున్ముందు గర్భం వస్తే బిడ్డకు ప్రమాదమేమిటో తప్పక అడగండి. నిద్ర చెడినా ఫిట్స్ వస్తాయి, అందుకే పెళ్లిళ్లలో వాణ్ణి రాత్రంతా మేలుకోనివ్వను.

బడిలో దాచలేదు. ఇదంతా కాగితం మీద రాసి క్లాసు టీచరుకు ఇచ్చాను, ఆమె పిల్లలకు చదివి వినిపించారు. మొన్న క్లాసులో ఫిట్స్ వచ్చినప్పుడు పక్క బెంచీ పిల్లవాడు నోటుపుస్తకం చివరి పేజీ చింపి నాకు పంపాడు. అందులో ‘11.42 నుంచి 11.44’ అని ఉంది.